ఆ మాటలు మీవి కావు చెల్లెమ్మా

మాది ఒడిశాలోని రాయగడ. మావారిది చిన్న కిరాణా కొట్టు. నాకు 34 ఏళ్ళు, పాప ఆరో తరగతి. ఏడాదిగా ఒకటే ఆలోచన: నేను దేనికీ పనికిరాను, అప్పకి (మా అక్కకి) అన్నీ ఉన్నాయి, ఈ ఊళ్ళో పడి పిల్లకి తెలుగు రాకుండా చేశాను. రోజూ లలితా సహస్రనామం చదువుతాను. మంగళవారం మజ్జిగౌరమ్మ గుడికి వెళ్తాను. ఫోన్లో చూసి ధ్యానం మొదలుపెట్టాను, కళ్ళు మూసుకుంటే మళ్ళీ అవే మాటలు. రాత్రి తొమ్మిదింటికి పార్వతీపురం నుంచి అమ్మ ఫోన్. స్పీకర్ పెట్టి గిన్నెలు సర్దుకుంటూ వింటాను. విశాఖలో ఉన్న అప్పతో పోల్చి నాలుగంటుంది. ముసలావిడ, నాన్న పోయాక ఒంటరిది, ఏమనగలను? ఒక్కోసారి పొద్దున్న లేవకపోతే బాగుణ్ణనిపిస్తుంది. నా భక్తి చాలడం లేదా? ఇంకే స్తోత్రం చదవాలి, ఎన్నిసార్లు?

చెల్లెమ్మా, ఏ స్తోత్రం, ఎన్నిసార్లు అన్నదానికి నేను జవాబు చెప్పను. రోజూ వెయ్యి నామాలు చదివే మనిషి భక్తికి లోటేముంది?

ముందు, లేవకపోతే బాగుణ్ణన్న ఆ మాట. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఈ రోజే మీవారికి చెప్పండి. టెలి మానస్ అని, మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఫోన్ సేవ ఉంది. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. నిద్ర, ఆకలి కూడా తగ్గి ఉంటే జిల్లా ఆసుపత్రిలో చూపించుకోండి, లేదా బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో మానసిక వైద్యుల్ని కలవండి. మందు రాస్తే వేసుకోండి. మందు మింగితే అమ్మవారి మీద నమ్మకం పోయినట్టు కాదు.

ఇక అసలు సంగతి. అమ్మగారి గురించి నాలుగు ముక్కలు రాసి, 'ముసలావిడ' అని మూత పెట్టేశారు. నేను అక్కడే ఆగిపోయాను. మీ బుర్రలో తిరిగే మాటల్ని ఒక కాగితం మీద రాయండి. పనికిరాను. అప్పకి అన్నీ ఉన్నాయి. పిల్లకి తెలుగు రాదు. ఇందులో ఒక్కటైనా మీవారు అన్నారా? పాప అందా? కొట్టుకొచ్చే ఒడియావాళ్ళు ఎవరైనా అన్నారా? ఇవన్నీ రాత్రి తొమ్మిదింటి ఫోన్లో విన్నవే అని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఏళ్ళ తరబడి వింటే ఎంత గట్టి మనసైనా ఆ మాటల్నే తన సొంత గొంతుతో పలుకుతుంది. అప్పుడవి అమ్మ మాటలని గుర్తుండదు, నిజమనిపిస్తాయి.

ధ్యానంలో అవే వస్తున్నాయంటే ధ్యానం చెడిపోయిందనుకున్నారు. మైండ్‌ఫుల్‌నెస్ అని ఇప్పుడు అందరూ చెప్పేది, 1979లో అమెరికాలో జాన్ కబట్ జిన్ రోగుల కోసం ఎనిమిది వారాల శిక్షణగా మలిచిన సాధన. అందులోనూ ఆలోచనల్ని తరిమెయ్యమని లేదు. వచ్చినదాన్ని వచ్చినట్టు చూసి, మళ్ళీ ఊపిరి దగ్గరికి రమ్మంటారు. మనసు గాలిలాంటిది, పట్టుబడదని గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు మొరపెట్టుకుంటే, కృష్ణుడు చెప్పింది కూడా అభ్యాసమూ వైరాగ్యమూనే. మీరు ఇంకొక్క పని చెయ్యండి. మాట వచ్చినప్పుడు 'ఇది ఎవరి గొంతు?' అని అడగండి. పది నిమిషాలు చాలు. కళ్ళు మూసుకుంటే బరువెక్కుతుంటే, కళ్ళు తెరిచే, బియ్యం ఏరుతూ వేళ్ళ మీద మనసు పెట్టండి.

అమ్మ మీద కోపమొస్తే పాపమని మీ భయం. తైత్తిరీయోపనిషత్తులో 'మాతృదేవో భవ' అన్నది మనం అమ్మతో ఎలా నడుచుకోవాలో చెప్పింది. అమ్మ మన గురించి అనే ప్రతి మాటా వేదమని అక్కడ లేదు. అమ్మకి మందులు కొనండి, డబ్బు పంపండి, పండక్కి రైలెక్కి వెళ్ళి రెండ్రోజులుండి రండి. అది మీ ధర్మం, అందులో తగ్గమని నేను ఎప్పటికీ చెప్పను. రోజూ రాత్రి తిట్లు తిని నిద్రపోవడం మాత్రం ఏ ధర్మంలోనూ లేదు. భర్త పోయాక ఆవిడకీ దిగులుంటుంది. కాదనను. దాన్ని దించుకోడానికి చిన్న కూతురే దొరికింది, ఎందుకంటే మీరు ఎదురు చెప్పరు.

రాత్రి ఫోన్ ఆపండి. పొద్దున్న పనులయ్యాక మీరే చెయ్యండి. బీపీ మాత్ర వేసుకున్నావా, పాలవాడు వచ్చాడా, అవి మాట్లాడండి. అప్ప ఊసు ఎత్తి పోలిక మొదలుపెట్టగానే 'అమ్మా, ఆ మాట వద్దు, రేపు చేస్తాను' అని పెట్టెయ్యండి. గొంతు పెంచొద్దు, సంజాయిషీ ఇవ్వొద్దు. అలుగుతుంది. 'కడుపున పుట్టినదానివి' అంటుంది, అప్పకి చెప్పి ఏడుస్తుంది. అప్ప నుంచి ఫోనొస్తుంది, ఆవిడకీ ఇదే జవాబు. డబ్బు మాత్రం తేదీ తప్పకుండా పంపండి.

పాపకి తెలుగు నేర్పాలని మీకే ఉంటే సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని గుణింతాలు దిద్దించండి. బడిలో ఒడియా చదివే పిల్లకి అదేం భారం కాదు. అమ్మమ్మకి చూపించడానికైతే వద్దు. ఇంకోటి, అమ్మతో మాట్లాడేటప్పుడు ఆ స్పీకర్ తీసెయ్యండి. పాప గిన్నెల చప్పుడులోనూ అన్నీ వింటుంది.