ట్రాక్టర్ లోడర్ ఫోర్కుల (ముందుండే ఇనుప కొమ్ముల) కొనలు సీట్లోంచి కనపడకపోతే ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క పలక) ఎత్తేదెలా?

గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీల (బస్తాల) ప్యాలెట్లు ఎత్తేటప్పుడు బానెట్ అడ్డొచ్చి కొనలు కనపడటం లేదని మీరు అన్నారు. ఫోర్కుల ఫ్రేమ్ పై అంచుకు, ఫోర్కులకు సమాంతరంగా ఒక సన్నని చువ్వ బిగించండి. చువ్వ వంపు చూస్తే ఫోర్కుల వంపు తెలుస్తుంది. చాలా లోడర్లలో, ఫోర్కులను ఎత్తే లోడర్ చేతులు పైకి లేచేకొద్దీ ఫోర్కులు వెనక్కి వాలతాయి, కాబట్టి ఎత్తుతూనే సరిచేయాలి.

ఫోర్కులు ప్యాలెట్ కంటే పొడవైతే అవతలి టిక్కీల్లోకి దిగిపోతాయి. ప్యాలెట్ లోతును కొలిచి, కొన నుంచి అంతే దూరంలో ఫోర్కు మీద పెయింట్ గీత పెట్టండి, ఆ గీత దగ్గర ఆగండి.

పక్కన దూరంగా, మీకు కనపడేలా ఒక మనిషి సైగలు చేయాలి. అతను కనపడకపోతే వెంటనే బండి ఆపండి. ట్రాక్టర్ ముందుకు ఒరగకుండా వెనక బరువు కట్టడం తప్పనిసరి. లోడుతో కదిలేటప్పుడు ఫోర్కులు నేలకు దగ్గరగా ఉంచండి.