రెండో బ్రిడ్జి మీద ఎవరున్నారు?

తమ్ముడూ,

ఓడల మీద నువ్వు పంపిన వ్యాసం నిన్న రాత్రి చదివాను. విషయం బాగా ఎంచుకున్నావు. కొన్ని ఓడలకు బ్రిడ్జీలు, అంటే ఓడను నడిపించే చోట్లు, ఒకటికంటే ఎక్కువ ఎందుకు కడతారన్న సందేహం చాలామందికి రాదు, వస్తే తెలుగులో చదువుకోవడానికి తేలిగ్గా ఏమీ దొరకదు. సమాచారం కూడా ఒక్కచోట తప్ప సరిగ్గానే ఉంది. అయినా రెండో పేజీకి వచ్చేసరికి నాకు ఆవలింతలు మొదలయ్యాయి. ఎందుకో చెబుతాను, నొచ్చుకోకు.

"భద్రత కోసం" అన్న మాట పేరాకొకసారి వాడావు. జనాన్ని ఇటూ అటూ దాటించే ఫెర్రీకి రెండు బ్రిడ్జీలు భద్రత కోసం, యుద్ధనౌకకు భద్రత కోసం, విమానవాహక నౌకకూ భద్రత కోసమే. ఓడలో భద్రత కోసం కానిదేముంది? లైఫ్ జాకెట్ దగ్గర్నుంచి మెట్ల పక్కన కడ్డీ దాకా అన్నీ అందుకే. ఆ మాట వల్ల చదివేవాడికి కొత్తగా తెలిసింది సున్నా. రెండో బ్రిడ్జి కనిపించిన ప్రతిచోటా నువ్వు వేసుకోవాల్సిన ప్రశ్న వేరు. మొదటి బ్రిడ్జి మీద నిలబడ్డవాడికి ఏది కనిపించడం లేదు? అక్కడి నుంచి ఏ పని కావడం లేదు? ఈ జవాబు ఓడ ఓడకీ మారిపోతుంది. నీ వ్యాసానికి పనికొచ్చే సరుకంతా అందులోనే ఉంది.

అన్నట్టు, అసలు బ్రిడ్జి అంటే ఏమిటో నువ్వెక్కడా చెప్పలేదు. సముద్రం మొహం చూడనివాళ్ళు కూడా చదువుతారు కదా. ఆఫీసరు నిలబడి ఓడను నడిపించే చోటు, చుట్టూ అద్దాలు, స్టీరింగు, రాడార్, ఇంజన్ వేగం మార్చే మీటలు అని రెండు ముక్కల్లో చెప్పేసి ముందుకెళ్ళు.

టైటానిక్‌కు వెనక వైపు డాకింగ్ బ్రిడ్జి కూడా ఉండేదని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. ఆగాల్సింది సరిగ్గా అక్కడే. ఆ ఓడ పొడవు 269 మీటర్లు. అసలు బ్రిడ్జి ముందు వైపు ఉంటుంది. రేవులో ఓడను గోడకు ఆనించేటప్పుడు వెనక కొస ఎంత దూరంలో ఉందో అక్కణ్ణుంచి సరిగ్గా అంచనా దొరకదు. అందుకని వెనక డెక్కు మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఎత్తుగా ఒక వేదిక కట్టారు. ఒక ఆఫీసరు దాని మీద నిలబడి, చూసి, ముందుకు కబురు పంపేవాడు. అందుకు టెలిగ్రాఫ్ యంత్రాలు, టెలిఫోను ఉండేవి. నడిసముద్రంలో దాంతో పెద్దగా పనిలేదు, కాపలాకు ఒక మనిషి ఉంటాడంతే.

1912 ఏప్రిల్ 14 రాత్రి అక్కడ డ్యూటీలో ఉన్నది స్టీరింగు, కాపలా పనులు చూసే నావికుడు, క్వార్టర్‌మాస్టర్ జార్జ్ రో. 11:40కి ఓడ అదిరింది. మంచుకొండ పక్కనుంచి వెనక్కి జారిపోవడం అతను కళ్ళారా చూశాడు. ఆ తర్వాత అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ముందువైపు కెప్టెన్‌కు ఓడ మునుగుతుందని తెలిసిపోయింది, బోట్లు దింపుతున్నారు, వెనక బ్రిడ్జి మీద ఇతను ఒంటరిగా కాపలా కాస్తూనే ఉన్నాడు. అతని లెక్క ప్రకారం 12:25కి నీళ్ళలో ఒక లైఫ్‌బోటు కనిపించింది. ఫోనెత్తి ముందు బ్రిడ్జికి చేసి, బోటు దింపిన సంగతి మీకు తెలుసా అని అడిగాడు! ఆపదలో ఉన్నామని తెలిపే రాకెట్లు పట్టుకుని వెంటనే ముందుకు రమ్మన్నారు. ఆ రాత్రి ఆ రాకెట్లు పేల్చినవాళ్ళలో అతనూ ఉన్నాడు.

ఆ ఒక్క ఫోన్‌కాల్ రాస్తే చాలు. ఓడ ఎంత పొడవో, రెండు బ్రిడ్జీలు ఎంత ఎడంగా ఉన్నాయో, ఒకదాని సంగతి ఇంకోదానికి ఎలా తెలియాలో చదివేవాడికి నువ్వు విడమరిచి చెప్పక్కర్లేదు.

యుద్ధనౌకల పేరాలో "ఒకటి దెబ్బతింటే మరొకటి పనికొస్తుంది" అన్నావు. నిజమే కానీ, పరీక్షలో రాసే జవాబులా ఉంది. ఒక ఓడను పట్టుకో. అమెరికన్ క్రూయిజర్ శాన్ ఫ్రాన్సిస్కోను తీసుకో. 1942 నవంబర్ 12న పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవి దగ్గర దెబ్బతిన్న జపాన్ విమానం ఒకటి వచ్చి దాని వెనకభాగానికి గుద్దుకుంది. నావికులు "బ్యాటిల్ టూ" అని పిలుచుకునే రెండో కమాండ్ స్థానం కాలిపోయింది. చీకటి పడేలోపు దాన్ని మళ్ళీ పనిలోకి తెచ్చారు. తెచ్చారు కాబట్టి సరిపోయింది, ఎందుకంటే అర్ధరాత్రి దాటాక జరిగిన పోరులో ముందు బ్రిడ్జి మీద గుండ్లు పడి అడ్మిరల్ కల్లాహాన్ చనిపోయాడు, కెప్టెన్ యంగ్‌కు ప్రాణాంతకమైన గాయాలయ్యాయి. స్టీరింగునూ ఇంజన్ కంట్రోలునూ బ్యాటిల్ టూకి మార్చారు. దాని మీదా నేరుగా గుండు పడింది. అక్కణ్ణుంచి ఉక్కు కవచం ఉన్న కానింగ్ టవర్‌కు మార్చారు. అదీ దెబ్బతింది, కాసేపు కంట్రోలు పోయి మళ్ళీ దొరికింది. బతికున్న అధికారుల్లో పెద్దవాడు షోన్‌లాండ్ అడుగున నీళ్ళలో నిలబడి ఓడ మునగకుండా చూస్తున్నాడు. పైన ఓడను నడుపుతున్నది కమ్యూనికేషన్స్ ఆఫీసర్ మెక్‌కాండ్లెస్. నడపడం నువ్వే కానివ్వు, నా పని కింద ఉంది అని షోన్‌లాండ్ కబురు పంపాడు. ఓడ తిరిగొచ్చింది. ఆ బ్రిడ్జికి రెండు పక్కలా పొడుచుకొచ్చిన రెక్కల్ని బొక్కలతో సహా శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో ల్యాండ్స్ ఎండ్ దగ్గర స్మారకంగా నిలబెట్టారు. ఫొటోలు దొరుకుతాయి, రాసే ముందు కాసేపు చూడు.

యుద్ధనౌకలో రెండో స్థానాన్ని మొదటిదాని పక్కనే కాకుండా దూరంగా ఎందుకు పెడతారో ఇప్పుడు నువ్వు వేరే చెప్పాలా?

బ్రిటన్ విమానవాహక నౌక క్వీన్ ఎలిజబెత్ గురించి రాసింది సగం సంగతే. డెక్కు మీద రెండు గోపురాలున్నాయి, ముందుది ఓడను నడపడానికి, వెనకది విమానాల రాకపోకలు చూడ్డానికి అన్నావు. బాగానే ఉంది. కానీ రెండు గోపురాలు రావడానికి ఒక ముఖ్య కారణం కింద ఇంజన్లలో ఉంది. దాన్ని నడిపించే యంత్రాల్లో 36 మెగావాట్ల గ్యాస్ టర్బైన్లు రెండున్నాయి. ఒకే దెబ్బకు రెండూ పోకూడదని వాటిని ఎడంగా పెట్టారు. ఇంజన్లు ఎడంగా ఉంటే పొగగొట్టాలూ ఎడంగానే పైకి రావాలి. ఆ రెంటినీ కలుపుతూ ఒకే పొడుగాటి గోపురం కడితే విమానాలు నిలిపే జాగా పోతుంది. అందుకని రెండు చిన్నవి కట్టి, పని పంచారు. ముందుదానికి ఏమైనా అయితే వెనకదాని నుంచి కూడా ఓడను నడపొచ్చు. 2017లో ఆ ఓడ నేవీలో చేరింది. కొచ్చిలో కట్టి 2022లో మన నేవీలో చేర్చిన విక్రాంత్‌కు ఒక్కటే గోపురం. రెండు ఫొటోలూ పక్కపక్కన వేసి వివరిస్తే చదివేవాళ్ళు హాయిగా అర్థం చేసుకుంటారు.

నువ్వు తప్పులో కాలేసింది కంటెయినర్ షిప్పుల దగ్గర. 400 మీటర్ల పెద్ద షిప్పుల ఫొటోల్లో రెండు కట్టడాలు కనిపించేసరికి రెండు బ్రిడ్జీలు అనుకున్నావు. బ్రిడ్జి ముందుదాంట్లోనే ఉంటుంది, వెనకది ఇంజన్ పొగగొట్టం. బ్రిడ్జి నుంచి చూస్తే ఓడ ముక్కు అవతల నీళ్ళు కనపడని దూరం 500 మీటర్లు గానీ ఓడ పొడవుకు రెండింతలు గానీ, ఏది తక్కువైతే అది దాటకూడదని అంతర్జాతీయ నిబంధన ఉంది. బ్రిడ్జి వెనక్కి ఉంటే దాని ముందు కంటెయినర్లు ఎత్తుగా పేర్చడానికి లేదు. ముందుకు జరిపితే వెనక ఎత్తుగా పేర్చుకోవచ్చు. వ్యాపారం లెక్క. ఈ పేరా తీసేసినా సరే, సరిదిద్ది ఉంచినా సరే.

ఫెర్రీల గురించి నాలుగు వాక్యాలు చాలు. డెన్మార్క్‌లో హెల్సింగోర్ నుంచి స్వీడన్‌లో హెల్సింగ్‌బోర్గ్‌కు ఇరవై నిమిషాల దాటుడు. ప్రతిసారీ ఓడను వెనక్కి తిప్పుతూ కూర్చుంటే రోజు గడవదు, అందుకని ఎంఎంటీఎస్ రైలుకి రెండు చివర్లా డ్రైవర్ క్యాబిన్ ఉన్నట్టు దానికి రెండు కొసలా బ్రిడ్జి. న్యూయార్క్ స్టేటెన్ ఐలండ్ ఫెర్రీలూ అంతే. 2003 అక్టోబర్‌లో ఆ ఫెర్రీ ఒకటి రేవు కట్టడాన్ని ఢీకొని 11 మంది చనిపోయారు. నడుపుతున్న అసిస్టెంట్ కెప్టెన్ స్పృహ తప్పాడు, పక్కన ఉండాల్సిన కెప్టెన్ ఆ క్యాబిన్లో లేడు. బ్రిడ్జీలు రెండున్నా మనుషులు ఉండాల్సిన చోట లేరు. ఇది ఫెర్రీల పేరాలో పెడితే "భద్రత కోసం" అన్న మాట దానంతటదే రాలిపోతుంది.

చివర్లో మనిషి జీవితానికీ రెండు బ్రిడ్జీలు ఉండాలని రాశావు. కొట్టెయ్.

నువ్వుండేది వైజాగే కదా. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్‌లోకి ఇంకోసారి వెళ్ళు. నీటి పైన ఉన్నప్పుడు ఆఫీసరు ఆ ఎత్తయిన గోపురం మీద నిలబడి గాలి మొహాన కొడుతుంటే చూసి నడిపేవాడు, మునిగాక అదే పని కింద కంట్రోల్ రూమ్ నుంచి. ఆ కంట్రోల్ రూమ్‌లో కిటికీ లేదు. అక్కడ నిలబడి, గైడ్‌ని అడిగి, ఏ మీట ఎవరి చేతికి అందుతుందో నోట్ చేసుకుని రా. మనవాళ్ళకు తెలిసిన ఓడ కాబట్టి వ్యాసం దాంతోనే మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు.

ఈసారి పీడీఎఫ్ కాకుండా వర్డ్ ఫైల్ పంపు, మార్జిన్‌లో రాయడానికి వీలుగా ఉంటుంది. పండగ లోపు పంపితే సెలవుల్లో చూసిపెడతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య