కాటా దగ్గర కృపకి ఏం పని?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె, లూథరన్ సంఘం. నేను రొయ్యల కొనుగోలు చేస్తాను. పట్టుబడి రోజు చెరువు గట్టు మీద కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క, ధర దాన్నిబట్టే) తీసేటప్పుడు శాంపిల్‌లో చిన్నవి కాస్త ఎక్కువ పడేలా చూసుకోవడం, ట్రే బరువు పేరు చెప్పి ఇంకో పావుకిలో కొయ్యడం మా దగ్గర చాలామంది చేసేదే. ఈమధ్య మా పాస్టరుగారు దీని మీదే ప్రసంగం చేశారు, అదీ నావైపు చూస్తూ. రక్షణ కృపవల్లే గాని క్రియలవల్ల కాదని చిన్నప్పుడు నాకు నేర్పింది ఈ సంఘమే. ఇప్పుడు కాటా సరిచేసుకో అంటే మళ్ళీ క్రియలే కదా?

జవాబు: ప్రశ్న బాగుంది. మరీ బాగుంది, అందుకే కొంచెం అనుమానంగా ఉంది. పావుకిలో వదులుకోవడం ఇష్టంలేక అడిగారో, నిజంగానే తెలియక అడిగారో మీకే తెలియాలి. నేను రెండో రకమనే అనుకుని రాస్తున్నాను.

మీరన్నదాంట్లో ఒక మాట ముమ్మాటికీ నిజం. మీరు రేపటినుంచి గ్రాము తేడా లేకుండా తూచినా దేవుడు మీకు బాకీ పడడు. రక్షణ కృపవల్లే, క్రియలవల్ల కాదు అనే ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం 8, 9 వచనాలు మీకు కంఠతా వచ్చే ఉంటాయి. అయితే వాటి కిందే పదో వచనం ఉంది, సత్క్రియలు చేయడానికే మనల్ని క్రీస్తులో సృష్టించాడని. మన సండేస్కూళ్ళలో 8, 9 బట్టీ పట్టించి, పదో వచనం దాకా వచ్చేసరికి పిల్లలకి బిస్కెట్లు పంచి ఇంటికి పంపేస్తారు. నేను కూడా ఇరవై ఏళ్ళు అలాగే పంపాను లెండి.

తీతు పత్రిక 2వ అధ్యాయం తీసి చూడండి. క్రిస్మస్ ఆరాధనలో చదువుతారు, ‘సమస్త మనుష్యులకు రక్షణకరమైన దేవుని కృప ప్రత్యక్షమై’ అని. ఆ వచనం ‘ఏలయనగా’ అని మొదలవుతుంది. ఏలయనగా అన్నాడంటే పైన ఏదో చెప్పి, దానికి కారణం ఇస్తున్నాడన్నమాట. పైన ఏముంది? దాసులు యజమానుల సొత్తు కాజేయకూడదని ఉంది! చిల్లర దొంగతనం. అంటే క్రేతు ద్వీపంలో ఒక దాసుడు గిన్నెలోంచి గుప్పెడు గింజలు తీసి దాచుకోవద్దు అనడానికి, ఆ పత్రిక రాసిన పౌలు ఏకంగా దేవుని కృప లోకంలోకి రావడాన్నే కారణంగా చూపించాడు. మీ పాస్టరుగారు కాటా గురించి మాట్లాడి దారి తప్పలేదండీ, పౌలు వెళ్ళిన దారినే వెళ్ళారు.

ఆ తర్వాత, కృప మనకి ‘బోధించుచున్నది’ అంటాడు. గ్రీకులో అక్కడున్నది పిల్లల్ని పెంచడానికి వాడే మాట. ముద్దు చేయడం, మందలించడం, చెవి మెలిపెట్టడం అన్నీ అందులో ఉన్నాయి. హెబ్రీ పత్రిక 12లో తండ్రి కొడుకుని శిక్షించే చోట కూడా ఆ మాటే వాడారు. మిమ్మల్ని క్షమించిన కృపే మిమ్మల్ని పెంచుతోంది. క్షమాపణ వరకూ పుచ్చుకుని, పెంపకం దగ్గరికొచ్చేసరికి ‘అబ్బే, అది క్రియలు’ అనడం కుదరదు.

లూథరన్ అని రాశారు కాబట్టి ఒక సంగతి. మీ సంఘానికి పేరిచ్చిన, క్రియలవల్ల కాదని అంత గట్టిగా చెప్పిన లూథర్ దగ్గరికే మీ వాదన వచ్చింది. 1530ల చివర్లో ఆయన స్నేహితుడు అగ్రికోలా, విశ్వాసులకి ఇక ధర్మశాస్త్రం బోధించక్కర్లేదన్నాడు. లూథర్ ఊరుకోలేదు. స్నేహితుడని కూడా చూడకుండా బహిరంగంగా వాదనకి దిగాడు.

ఇక జక్కయ్య, యేసుని చూడాలని చెట్టెక్కిన పన్ను వసూలుదారు. ఇక్కడ ఏది ముందు, ఏది తర్వాత అన్నది చూడాలి. ‘నేడు నేను నీ యింట నుండవలసియున్నది’ అని యేసు చెట్టు కిందనుంచి పిలిచేటప్పటికి జక్కయ్య ఒక్క రూకా తిరిగివ్వలేదు. ముందు లెక్క తేల్చు, తర్వాత భోజనానికొస్తాను అనలేదు ప్రభువు. భోజనానికి వస్తానన్నాక లెక్క దానంతటదే బయటికొచ్చింది, ఎలా వచ్చిందంటే, తప్పు ఒప్పుకుని తిరిగిచ్చేవాడు అసలు మీద ఐదోవంతు కలిపిస్తే చాలని లేవీయకాండం 6వ అధ్యాయంలో ఉంటే ఈయన నాలుగంతలు అన్నాడు. చట్టానికి భయపడినవాడు ఐదోవంతు దగ్గర ఆగేవాడు.

మా తాతకి నరసాపురం కాలువ పక్కన ధాన్యం కొట్టు ఉండేది. రెండు కుంచాలు ఉండేవట, కొనడానికి ఒకటి, అమ్మడానికి ఒకటి. అమ్మే కుంచం అడుగున చెక్కబిళ్ళ బిగించి ఉండేదని, పైనుంచి చూస్తే తెలిసేది కాదని, వేలు పెట్టి తడిమితే తెలిసేదని మా నాయనమ్మ చెప్పేది. ఆయన బాప్తిస్మం తీసుకున్న వారానికి, ఎవరూ ఏమీ అనకుండానే, ఉలి పెట్టి ఆ బిళ్ళ ఊడదీసి పొయ్యిలో పెట్టాడట. ఇంట్లో రెండు రకాల తూములు ఉంచుకోకూడదని ద్వితీయోపదేశకాండంలో ఉన్నట్టు ఆయనకి తెలియదు, చదువు రాదు. ఆ మధ్యాహ్నం అన్నం ఆ చెక్కతోనే వండాను అనేది నాయనమ్మ.

మీకు నష్టం వస్తుందా? రావచ్చు. నిజాయితీగా ఉంటే దేవుడు రెట్టింపు ఇస్తాడని కొందరు మైకులో చెప్తుంటారు, నాకు ఆ మాట అనడానికి నోరు రాదు, అలా రెట్టింపు రాని మంచివాళ్ళని చాలామందిని చూశాను. ఒకటి చేసి చూడండి. ఈసారి శాంపిల్ మీ మనిషి తీయకుండా రైతునే బుట్టలో చెయ్యి పెట్టి తీయమనండి. పాత బాకీల సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం. ఉత్తరం రాయండి.

ప్రశ్న: నేను బాప్తిస్మం తీసుకుని ముప్పై ఏళ్ళయింది. ఉపవాస ప్రార్థన మానింది లేదు. కానీ కోడలి మీద నోరు పారేసుకోవడం మానలేకపోతున్నాను. తెల్లవారుజామున మోకాళ్ళ మీద ఏడుస్తాను, పదింటికల్లా గిన్నెలు సరిగ్గా తోమలేదని మళ్ళీ మొదలు. నాలో కృప లేదేమోనని భయంగా ఉంది. (రాజోలు నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, పై ఉత్తరానికి రాసిన జవాబు మీరు చదవొద్దు. అది మీకోసం కాదు. మందు ఒకటే అయినా మోతాదు వేరు.

కోనసీమలో ఉన్నారు, మీకు నేను వ్యవసాయం చెప్పాలా? కాలువకి నీళ్ళొదిలి, దమ్ము చేసి, ఊడ్చాక చేలో వరితోపాటు ఏం లేస్తుంది? కలుపు. బీటలు తీసిన చేలో అదీ లేవదు. కలుపు కనబడింది కాబట్టి నీళ్ళే రాలేదని ఏ రైతూ అనడు, వంగి పీకుతాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ ఏటా నీళ్ళొస్తున్నాయి, ఏటా కలుపూ తీస్తూనే ఉన్నాం. మీకు ఏడుపు వస్తోందంటే చేలో నీళ్ళున్నాయనే అర్థం. కోడల్ని తిట్టి హాయిగా నిద్రపోయే అత్తగార్లు లేరా? వాళ్ళు నాకు ఉత్తరాలు రాయరు.

‘మీలో కార్యసిద్ధి కలుగజేయువాడు దేవుడే’ అని ఫిలిప్పీ పత్రికలో ఉంది, అయితే ఆ ముందు వచనంలోనే భయంతో వణుకుతో మీ రక్షణని కొనసాగించుకోండి అనీ ఉంది. పని ఆయనదే, వంగడం మనమూ వంగాలి.

ఒక్కటే అడుగుతాను, ఏమీ అనుకోకండి. తెల్లవారుజామున దేవుడి దగ్గర ఏడుస్తున్నారు సరే, పదిన్నరకి కోడలి దగ్గర ఏమన్నారు? దేవుడి దగ్గర ఏడవడం సులువమ్మా, ఆయన ఎదురు మాట్లాడడు. బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి, ముందు వెళ్ళి సహోదరుడితో సమాధానపడమన్నాడు ప్రభువు. క్షమించమని అడగడం మన ఇళ్ళలో అత్తగార్లకి అలవాటు లేని పని, నాకు తెలుసు. ‘అమ్మాయ్, పొద్దున్న నేనన్న మాట తప్పు’ అంటే చాలు. అనేసి అక్కడే నిలబడకుండా వచ్చేయండి, లేకపోతే వెనకాలే గిన్నెల సంగతి గుర్తొస్తుంది. అది కూడా అనలేని రోజున ఆ గిన్నెలేవో మీరే తోమేయండి, ఎవరికీ చెప్పకుండా.

ప్రశ్న: సంక్రాంతికి మా ఊళ్ళో కోడిపందేల బరి పెడతారు. నేను విశ్వాసిని, పందెం కాయను. ఫ్రెండ్స్‌తో వెళ్ళి ఊరికే చూసి రావడంలో తప్పేముంది? కృపలో ఉన్నవాళ్ళకి స్వేచ్ఛ ఉంది కదా?

జవాబు: ఉంది తమ్ముడూ. ఆ స్వేచ్ఛని శరీరానికి సందు చేసుకోవద్దని గలతీ పత్రిక 5:13లో అక్కడే ఉంది, అది పక్కన పెడదాం. పందెం కాయను అన్నారు, ఊరికే చూస్తాను అన్నారు. పోయిన పండక్కి బరి దగ్గరికి వెళ్ళేటప్పుడు జేబులో ఎంత ఉంది, భోగి నాటి సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఎంత మిగిలింది అన్నది మాత్రం రాయలేదు. ఆ రెండు అంకెలూ రాసి పంపండి, జవాబు వచ్చే సంచికలో ఇస్తాను.