విమానం గంటా ఇరవై నిమిషాలే, మరి ఖర్చో?

ప్రశ్న: నేనూ మా ఆవిడా, కాలేజీలో చదివే ఇద్దరు పిల్లలూ వచ్చే వేసవిలో పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ చూడాలనుకుంటున్నాం. హైదరాబాద్ నుంచి పారిస్‌కి రానూపోనూ టికెట్ కొనబోతున్నాం. ఈ రెండు ఊళ్ల మధ్య విమానం టికెట్ మనిషికి 45 యూరోలు, రైలు 85 యూరోలు చూపిస్తోంది. విమానం గంటా ఇరవై నిమిషాల్లో చేరుస్తుంది, పైగా 160 యూరోలు మిగులుతాయి. స్క్రీన్‌షాట్ పంపుతున్నాను. తీసేసుకోమంటారా? — పాఠకుడు, విజయవాడ

జవాబు: ఒక్క రోజు ఆగండి. పారిస్–ఆమ్‌స్టర్‌డామ్ ఆకాశమార్గంలో దాదాపు 430 కిలోమీటర్లు. మన హైదరాబాద్ నుంచి తిరుపతికి ఉన్నంత దూరం. అంత దగ్గరి ఊళ్లకి విమానంలో కూర్చునే సమయం కంటే దాని కోసం తిరిగే సమయమే ఎక్కువ.

ముందు డబ్బు సంగతి. ఆ 45 యూరోలు సీటు కింద పట్టే చిన్న సంచికే. ఇండియా నుంచి పట్టుకెళ్లే పెద్ద సూట్‌కేసుకి విడిగా కట్టాలి. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో కింద సన్నక్షరాల్లో ఉంది చూడండి, పెట్టెకి 35 యూరోలు. నాలుగు పెట్టెలకి 140. పారిస్ ఊళ్లోంచి చార్ల్ డి గాల్ విమానాశ్రయానికి రైలు టికెట్ మనిషికి సుమారు 13 యూరోలు వేసుకోండి, 52. అటు ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయం స్కిపోల్‌లో దిగాక ఊళ్లోకి తలా ఆరు, ఇంకో 24. టికెట్ల 180తో కలిపితే 396 యూరోలు. యూరోస్టార్ రైలుకి 340. అందులో మనిషికి రెండు సూట్‌కేసులు ఉచితం. యూరో వంద రూపాయలనుకున్నా, మీరు మిగులుతుందనుకున్న చోట 5,600 ఎదురు తగులుతోంది.

టైమూ అంతే. రైలు పారిస్‌లోని గార్ దు నోర్ స్టేషన్‌లో ఎక్కితే మూడు గంటల ఇరవై నిమిషాలకి ఆమ్‌స్టర్‌డామ్ నడిబొడ్డున దించుతుంది. ఓ అరగంట ముందు వెళ్తే చాలు. విమానమైతే ఎయిర్‌పోర్టుకి ముప్పావుగంట, అక్కడ రెండు గంటలు, ప్రయాణం, పెట్టెల కోసం బెల్టు దగ్గర పడిగాపులు... అయిదు గంటలు దాటిపోతుంది. ఇక పారిస్ పేరు పెట్టుకున్న బోవే విమానాశ్రయం నుంచి చవక టికెట్ దొరికిందని మాత్రం మురిసిపోకండి. అది ఊరికి ఎనభై కిలోమీటర్ల పైనే!

అయితే రైలు ధర ఎప్పుడూ 85 ఉండదు. తేదీ దగ్గరపడే కొద్దీ ఎక్కుతుంది. 150 దాకా పోతే అప్పుడు విమానమే నయం. అదే పారిస్ నుంచి రోమ్ అయితే నేనూ విమానమే ఎక్కమంటాను, అది 1,100 కిలోమీటర్లు.

మీరు అడగనిది ఒకటుంది. హైదరాబాద్ నుంచి పారిస్‌కి రానూపోనూ టికెట్ కొనబోతున్నట్టు రాశారు. అలా కొంటే ఆమ్‌స్టర్‌డామ్ చూశాక మళ్లీ పారిస్‌కి రావాలి: ఇంకో 340 యూరోలు, సగం రోజు. పారిస్‌లో దిగి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎక్కేలా ‘మల్టీ సిటీ’ టికెట్ ధర కనుక్కోండి. తేడా 34,000 రూపాయల లోపు ఉంటే కళ్లు మూసుకుని అదే తీసుకోండి.

కట్టేటప్పుడు కార్డు చూసుకోండి. చాలా క్రెడిట్ కార్డులు విదేశీ చెల్లింపుల మీద 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తాయి. 340 యూరోల మీద అదే 14 యూరోలు. ఈ రుసుము లేని కార్డో, ముందే యూరోలు నింపుకునే ఫారెక్స్ కార్డో ఇప్పుడే తీసుకోండి. అక్కడ దుకాణంలో మెషిన్ ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం.