ఏడిపించినవాడి కథను మెచ్చుకోవచ్చా? ‘ఎ సైలెంట్ వాయిస్’ మీద ఒక అక్క జవాబు

ప్రశ్న: ‘ఎ సైలెంట్ వాయిస్’ మాంగాను (జపాన్ బొమ్మల కథను) జనం ఎందుకంత నెత్తిన పెట్టుకుంటారు? చెవులు వినపడని అమ్మాయిని ఏడిపించినవాడినే కథానాయకుడిని చేసి, చివరికి వాడి మీద జాలి పుట్టించడం తప్పు కాదా?

మీరు సినిమా మాత్రమే చూసి అడుగుతున్నారని నాకు గట్టి అనుమానం. 2016లో క్యోటో యానిమేషన్ తీసిన ఆ సినిమా కళ్ళకు బాగానే ఉంటుంది. కానీ ఏడు సంపుటాల కథను రెండు గంటల పది నిమిషాల్లో ఇమిడిస్తే ముందు ఎగిరిపోయేది చుట్టుపక్కల మనుషులే. అబ్బాయి, అమ్మాయి, వంతెన, సంగీతం మిగులుతాయి. అంతవరకే చూస్తే మీ కోపం న్యాయమే. పుస్తకం చదివి అడగండి, అప్పుడు పోట్లాడుకుందాం.

నేను దీన్ని ఆ ఏడిపించిన అబ్బాయి ఇషిదా కోసం చదవలేదు. నా చెల్లికి పుట్టుకతోనే వినికిడి చాలా తక్కువ, రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటుంది. అందుకని మొదటి సంపుటంలో అందరూ కన్నీళ్ళు పెట్టుకునే చోట కాకుండా ఒక లెక్క దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. వినపడని ఆ అమ్మాయి నిషిమియావి ఐదు నెలల్లో పాడైనవీ పోయినవీ ఎనిమిది మిషన్లు, పదిహేడు లక్షల యెన్లు. మన డబ్బుల్లో దాదాపు తొమ్మిది, పది లక్షలు. ఇషిదా తల్లి జుట్టు కత్తిరించే దుకాణం నడుపుకుంటూ పిల్లల్ని పెంచుకునే మనిషి. బ్యాంకు నుంచి ఆ సొమ్ము తీసి, కొడుకును వెంటబెట్టుకుని నిషిమియా తల్లికి ఇవ్వడానికి వెళ్తుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చెవి నుంచి రక్తం కారుతూ ఉంటుంది. ఏం జరిగిందో రచయిత్రి ఒక్క మాట కూడా చెప్పదు. అంతకుముందు ఇషిదా మిషను లాగేసినప్పుడు నిషిమియా చెవి నుంచి కూడా అలాగే రక్తం వచ్చింది, మీరే కలుపుకోండి అన్నట్టు వదిలేస్తుంది. ఏడిపించడాన్ని డబ్బుల్లో లెక్కకట్టిన కథ నేను ఇంకొకటి చదవలేదు. ఇంట్లో మిషన్లు కొనేవాళ్ళకు అది ఎంత నిజమో తెలుస్తుంది.

చెల్లి ఆరో తరగతిలో ఉన్నప్పటి సంగతి చెబుతాను. మిషన్లలో వేసే బటన్ సెల్లులు మా ఊళ్ళో దొరికేవి కావు. నాన్న విజయవాడ వెళ్ళినప్పుడల్లా తెచ్చేవారు. గుండ్రటి డబ్బీలో ఆరు సెల్లులు, ఒక్కొక్క దాని మీద తోక ఉన్న చిన్న నీలం స్టిక్కరు. ఆ స్టిక్కరు పీకితే లోపలికి గాలి తగిలి సెల్లు పని మొదలుపెడుతుంది. ఇక మిషనులో పెట్టినా పెట్టకపోయినా కొన్నాళ్ళకు చచ్చిపోతుంది. మళ్ళీ అతికించినా లాభం ఉండదు. చెల్లి సంచిలో ఎప్పుడూ ఒకటి రెండు డబ్బీలు ఉండేవి. ఒకరోజు ఆటల పీరియడులో తరగతిలోని పిల్లలు వాటిని తీసి అన్ని స్టిక్కర్లూ పీకి, గోళ్ళకు అంటించుకుని కూర్చున్నారు. ఒక అమ్మాయి బొట్టుగా కూడా పెట్టుకుంది. చెల్లి లోపలికి రాగానే అందరూ కలిసి నీలం గోళ్ళు ఊపారు.

మరునాడు అమ్మతో పాటు నేనూ బడికి వెళ్ళాను. క్లాసు టీచరుగారు నవ్వుతూనే మాట్లాడారు. "స్టిక్కర్లే కదమ్మా, పిల్లలు సరదా పడ్డారు" అన్నారు. ఆ సెల్లు ఎలా పనిచేస్తుందో అమ్మ వివరిస్తుంటే ఆయన హాజరు పట్టీ సర్దుకుంటున్నారు. తరువాత తరగతిలోకి వెళ్ళి ఒక కుర్రవాడిని లేపి రెండు దెబ్బలు వేశారు. ఆ కుర్రవాడు ఆ పని చేసినవాళ్ళలో ఉన్నాడు, నిజమే. గోళ్ళు ఊపిన మిగతావాళ్ళందరూ తలలు వంచుకుని నోటు పుస్తకాలు చూసుకున్నారు. నీలం బొట్టు అమ్మాయి అయితే మా చెల్లి భుజం మీద చెయ్యి వేసి ఓదార్చింది!

ఇప్పుడు మాంగాలో తకెఉచి మాస్టారిని చూడండి. ప్రిన్సిపాలు వచ్చి అడిగేవరకు ఆయనకు ఏమీ కనపడదు. అడగగానే ఇషిదా పేరు పెట్టి అరుస్తాడు. ఇషిదా "నేనొక్కడినే కాదు" అంటే స్నేహితులందరూ మాకేం తెలియదంటారు, ఆ రోజు నుంచి వాడే తరగతి మొత్తానికి ఆటవస్తువు. మా ఆ నీలం బొట్టు అమ్మాయే ఇషిదా తరగతిలోని కవాయి. ఏడుస్తూ "నేనేం చేశాను" అనే కవాయి లేని తరగతి గది ఈ భూమి మీద లేదు. కావాలంటే మీ పదో తరగతి ఫోటో తీసి చూడండి, రెండో వరుసలో ఉంటుంది.

అందుకే ఇది ఏడిపించినవాడిని వెనకేసుకు వచ్చే కథ అంటే నేను ఒప్పుకోను. వాడు పెద్దయ్యాక సామాన్లు అమ్మి, పనికి వెళ్ళి ఆ పదిహేడు లక్షలూ కూడబెట్టి, నిద్రపోతున్న తల్లి పక్కన పెట్టి చావడానికి బయలుదేరుతాడు. మామూలు రచయిత అయితే అక్కడ మన చేత చప్పట్లు కొట్టించేవాడు. ఇక్కడ తల్లి మరునాడు పొద్దున ఆ నోట్ల కట్ట కింద నిప్పు పెట్టి, చావనని ఒట్టు వెయ్యమంటుంది. ఆ గొడవలో కట్ట నిజంగానే అంటుకుంటుంది. అంత కష్టం బూడిదైపోయాక వాడు ఏం చెల్లించినట్టు?

రచయిత్రి యోషితోకి ఓయిమా గిఫు ప్రాంతంలోని ఒగాకి మనిషి, కథలో కనిపించే ఊరికి నమూనా ఆ ఊరే. తల్లి సైగల భాష దుభాషి. అందుకే ఆ బొమ్మల్లో చేతులు అంత నిజంగా ఉంటాయి. మొదట చిన్న కథగా గీసి 2008లో కొత్తవారి బహుమతి తెచ్చుకుంది, అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు కూడా లేవు. విషయానికి భయపడి పత్రికవాళ్ళు 2011 దాకా అచ్చు వెయ్యలేదు. న్యాయవాదులను, జపాన్ బధిరుల సమాఖ్యను అడిగాకే వేశారు. ఆ ఏడాదే ఒత్సు నగరంలో ఒక బడిపిల్లవాడు వేధింపులు భరించలేక ప్రాణం తీసుకున్నాడు. దేశమంతా గొడవై, 2013 జూన్‌లో బడుల్లో వేధింపులను అడ్డుకునే చట్టమే వచ్చింది. వారపత్రికలో ఈ ధారావాహిక మొదలైంది ఆ ఆగస్టులోనే. ఆ ధైర్యం ఆ గొడవ వల్లే వచ్చిందని నా నమ్మకం, కాదన్నా మార్చుకోను. మన సినిమాలవాళ్ళకు మాత్రం వినపడని మనిషి అంటే ఈనాటికీ తప్పు జవాబులు చెప్పి నవ్వించే తాతయ్యే.

నన్ను నిజంగా కదిలించింది యుజురు, నిషిమియా చెల్లెలు. అక్కను గట్టిపడేలా చెయ్యాలని తల్లి ఆమె జుట్టు పొట్టిగా కత్తిరించబోతే, ఈ పిల్ల తన జుట్టు తానే కత్తిరించుకుంటుంది. చచ్చిన పిట్టలను, పురుగులను ఫోటోలు తీసి ఇంట్లో గోడలకు అంటిస్తుంది. అవి చూస్తే అక్కకు చావాలన్న ఆలోచన పోతుందని ఆశ. బడి మానేసి మరీ అక్కకు కాపలా కాస్తుంది. ఇంట్లో వినపడని పిల్ల ఉన్నవాళ్ళకు తోబుట్టువుల సంగతి ఎవరూ అడగరని తెలుసు. మిషను కూత పెడితే సర్దేది, ఫోను మాట్లాడేది, వెనక నుంచి పిలిచేవాళ్ళకు "ముందుకు వచ్చి మాట్లాడండి" అని చెప్పేది మేమే.

ఒక్క పని చెయ్యండి. ఆరో సంపుటంలో నిషిమియా కళ్ళతో నడిచే అధ్యాయం ఉంది. అందులో ఎదుటివాళ్ళ మాటలను సగం చెరిగిపోయిన అక్షరాలతో అచ్చు వేశారు. చదువుతున్నంతసేపూ కూడబలుక్కోవాలి, విసుగు వస్తుంది. చెల్లి ఆ పేజీలు చూసి "ఇంత స్పష్టంగా వినపడితే నేను ఎప్పుడో కలెక్టరు అయ్యేదాన్ని" అంది.

చెల్లికి ఈ కథలో నిషిమియా అస్సలు నచ్చలేదు. మాటిమాటికీ క్షమించమని అడుగుతుందని చిరాకు. తనకు నచ్చింది, నమ్మండి నమ్మకపోండి, అదే తరగతిలో చదివిన ఉఎనో! జయింట్ వీల్‌లో నిషిమియాను ఎదురుగా కూర్చోబెట్టి, నువ్వంటే నాకు పడదని ముఖం మీదే చెప్పే ఉఎనో. "అక్కా, వాళ్ళందరిలో తనతో సమానంగా పోట్లాడింది అదొక్కతే" అంటుంది. ఆస్పత్రి ముందు అదే ఉఎనో నిషిమియాను కొట్టిన పేజీలు తీసి చూపించాను. "అది వేరే సంగతి" అని సంపుటం మూసేసింది.