కుర్చీలోంచి లేచేటప్పుడు స్క్రీన్ వెంటనే లాక్ అవ్వాలంటే ఏ కీ నొక్కాలి?

స్టార్ట్ మెనూలోకి వెళ్లి లాక్ ఎక్కడుందో వెతుక్కునేలోపు ఎవరో ఒకరు పక్కకి వచ్చి నిలబడుతున్నారు, ఒక్క దెబ్బకి లాక్ అయ్యే దారి ఉందా అని అడిగారు. ఉంది. విండోస్ కీ (కీబోర్డులో విండోస్ గుర్తున్నది) పట్టుకుని ఎల్ నొక్కండి, అంతే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నుంచి ఇప్పటి విండోస్ 11 దాకా ఇదే పద్ధతి.

నాకిది అలవాటైన తీరు చెప్తాను. గుంటూరులో ఒక ఆడిటర్ గారి దగ్గర అకౌంటెంటుగా చేరిన కొత్త. మాకొచ్చే పార్టీల్లో సగంమంది మిర్చి కమీషన్ వ్యాపారులే. యార్డులో పక్కపక్క దుకాణాలు, ఒకరికొకరు చుట్టాలు కూడాను, అయినా ఒకరి లెక్క ఇంకొకరికి తెలియకూడదు. ఒకరోజు ఒక పార్టీ స్టాకు లెక్కలు టాలీలో, అంటే లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌లో, తెరిచి చూసుకుంటుంటే ఇంకో పార్టీ వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నారు. నేను టాలీని మినిమైజ్ చేసి, ప్రింటవుట్ తేవడానికి పక్కగదిలోకి వెళ్లాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తిరిగొచ్చేసరికి ఆయన నా కుర్చీ పక్కన నిలబడి ఉన్నారు, టాలీ స్క్రీన్ నిండా ఉంది. "మావాడికి కోల్డ్ స్టోరేజీలో ఇంత సరుకుందా!" అన్నారు, ఏమీ జరగనట్టే.

సాయంత్రానికి ఆ సరుకుగల పార్టీ నుంచి ఆడిటర్ గారికి ఫోన్. ఆయన నన్ను తిట్టలేదు. "నువ్వే వెళ్లి చెప్పిరా" అన్నారు. మర్నాడు పొద్దున యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య నిలబడి, ఆ ఘాటుకి దగ్గుతూ సారీ చెప్పాను. ఆ దగ్గు చూసే జాలిపడ్డారేమో, మంచినీళ్లిచ్చి పంపించారు.

కాబట్టి మినిమైజ్ చేయడం దాచడం కిందకి రాదు. కింద టాస్క్‌బార్ మీద ఒక్క క్లిక్కుతో అంతా బయటికొస్తుంది. ఇంకో సంగతి, ఇది చాలామంది వదిలేస్తారు: కంప్యూటర్‌లోని మీ అకౌంటుకి పాస్‌వర్డో పిన్నో లేకపోతే లాక్ చేసినా లాభం లేదు, ఎంటర్ కొడితే తెరుచుకుంటుంది. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో సైనిన్ ఆప్షన్స్‌లో ముందు అది పెట్టుకోండి. పెట్టుకున్న పాస్‌వర్డుని చీటీ మీద రాసి మానిటర్‌కి అంటించొద్దు. మా ఆఫీసులో ఒక సీనియర్ గారు అదే చేశారు, పైగా పెద్ద అక్షరాలతో.

ఎల్ నొక్కినా పనిచేయడం లేదంటే ముందు కీబోర్డు చూడండి. గేమ్‌ల కోసం చేసిన కొన్ని కీబోర్డుల్లో విండోస్ కీని ఆపేసే బటన్ ఉంటుంది, చాలావాటిలో ఎఫ్ఎన్ (Fn) అని రాసున్న కీ పట్టుకుని విండోస్ కీ నొక్కితే మళ్లీ పనిచేస్తుంది. ఆ కీయే పోయుంటే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కండి. వచ్చే తెరలో మొదటిది లాకే. ఆఫీసు కంప్యూటరైతే సిస్టమ్ చూసేవాళ్లు లాక్‌ని ఆపేసి ఉండొచ్చు, వాళ్లనే అడగాలి.

ఫోన్‌ని బ్లూటూత్‌తో కలిపితే మనం దూరంగా వెళ్లగానే తనంతట తానే లాక్ అయ్యే డైనమిక్ లాక్ కూడా సైనిన్ ఆప్షన్స్‌లోనే ఉంది. నేను వాడి మానేశాను. ఫోన్ అందనంత దూరం వెళ్లాక కూడా ఇంచుమించు ఒక నిమిషం తీసుకుంటుంది. మా పార్టీకి ఆ నిమిషం చాలు. పైగా పక్కగది దూరానికి బ్లూటూత్ తెగదు కూడా. మరిచిపోయిన రోజున ఆదుకోవడానికైతే ఉంచుకోండి.

మ్యాక్ వాడేవాళ్లకి కంట్రోల్, కమాండ్, క్యూ. 2017లో వచ్చిన మ్యాక్ వెర్షన్ హై సియెర్రా నుంచి ఉంది. కంట్రోల్ మరిచిపోయి కమాండ్, క్యూ మాత్రమే నొక్కితే వాడుతున్న ప్రోగ్రామే మూసుకుపోతుంది, జాగ్రత్త. విండోస్ బదులు ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్ వాడేవాళ్లకి కూడా విండోస్ కీ, ఎల్‌లే, కాకపోతే ఆ విండోస్ కీని అక్కడ సూపర్ అంటారు.

లాక్ చేస్తే లోపలి పనులేవీ ఆగవు, డౌన్‌లోడ్ నడుస్తూనే ఉంటుంది. అలాగని సేవ్ చేయకుండా లేవకండి, లాక్‌కీ కరెంటు పోవడానికీ సంబంధం లేదు, యూపీఎస్ లేకపోతే అంతే సంగతులు. పాటలూ ఆగవు. ఒకసారి యూట్యూబ్‌లో పాట పెట్టుకుని అలాగే లాక్ చేసి భోజనానికి వెళ్లాను. పాస్‌వర్డు నాకు తప్ప ఎవరికీ తెలియదు. తిరిగొచ్చేసరికి స్పీకర్ వైరు పీకి నా టేబుల్ మీద చుట్టి పెట్టారు.