అటకామా ఫొటోల్లో పాలపుంత నడినెత్తిన ఎందుకు ఉంటుంది?

చిలీలోని అటకామా ఎడారి ఫొటోల్లో పాలపుంత మధ్యభాగం అంత ఎత్తున కనిపించడానికి కారణం ఆ చోటు అక్షాంశమే. పాలపుంత కేంద్రం ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన, ఆకాశంలో ఊహించుకునే రేఖ) సుమారు 29 డిగ్రీలు దక్షిణాన ఉంది. అందుకే భూమ్మీద 29 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర అది సరిగ్గా తలమీదుగా సాగుతుంది, అటకామా ఆ గీతకు దగ్గర్లోనే ఉంది. అదే కేంద్రం హైదరాబాద్‌లో దిగంతం నుంచి దాదాపు 44 డిగ్రీల ఎత్తుకే వస్తుంది (నడినెత్తి అంటే 90 డిగ్రీలు). లండన్‌లోనైతే 10 డిగ్రీలు కూడా దాటదు, పాపం, అక్కడివాళ్లకు దిగంతపు మసకలోనే కలిసిపోతుంది.

ఇదంతా ఖరీదైన కెమెరా, ఎడిటింగ్ మహిమ అని చాలామంది అనుకుంటారు. ఎడిటింగ్‌తో రంగులు ముదురుతాయి, నిజమే. ఎత్తు మాత్రం ఆ చోటు ఇచ్చిందే. మన దగ్గర అసలు కనిపించదనుకోవడమూ పొరపాటే: ఏప్రిల్, మే నెలల్లో అమావాస్య రోజుల తెల్లవారుజామున, ఊరి దీపాలకు దూరంగా వెళ్లి దక్షిణం వైపు చూడండి.